చెరువు పరిగెలు కొర్రమట్టకు మేత కావు

వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల కొర్రమట్ట పెంపకం గురించి ఎవరిని అడిగినా ముందుగా వచ్చే మాట ఒక్కటే. అది వేటాడి తినే చేప, సంచిలో వచ్చే గుళికల మేత దానికి పనికిరాదు, చెరువులోంచి తెచ్చిన పరిగెలూ జెల్లపిల్లలూ కప్పపిల్లలూ వేస్తేనే బలంగా పెరుగుతుంది, రుచి నిలుస్తుంది, పైగా ఖర్చు లేదు. పెంచేవాళ్లు చెబుతారు, పిల్ల అమ్మేవాళ్లు చెబుతారు, కొనుక్కుపోయే బేరగాళ్లూ చెబుతారు. ఇందరు ఇంత నమ్మకంగా చెప్పే ఈ మాటలో నిజం ఒక్కటే ఉంది. కొర్రమట్ట మాంసాహారి. మిగిలినదంతా తప్పు. ఆ తప్పువల్ల పెంచేవాడొక్కడే నష్టపోయేట్టయితే నేను ఇంత పట్టుబట్టి రాయను. చెరువు నష్టపోతోంది, చెరువు చేపతో కూర వండుకునే ఇళ్లు నష్టపోతున్నాయి.

కొర్రమట్ట, అంటే కొర్రమీను, 2016లో తెలంగాణ రాష్ట్ర చేప అయింది. ప్రాణంతో అమ్ముడుపోయే చేప, కిలో వందల రూపాయలు పలికే చేప. మృగశిర కార్తె వస్తే హైదరాబాద్ మార్కెట్లలో దాని కోసం తొక్కిసలాట. గాలి పీల్చగలిగే చేప కాబట్టి కొద్దిపాటి నీళ్లలోనూ బతుకుతుంది. అందుకే సిమెంటు తొట్లలో, టార్పాలిన్ ట్యాంకుల్లో, పొలంలో తవ్వుకున్న కుంటల్లో పెంచడానికి చదువుకున్న కుర్రాళ్లు సైతం ముందుకొస్తున్నారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద చేపల పెంపకానికి యూనిట్ ఖర్చులో నలభై శాతం, ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ అరవై శాతం సబ్సిడీ ప్రకటించారు. ఇదంతా మంచిదే. కంది తప్ప మరో ఆసరా లేని మెట్ట రైతుకు నీళ్లున్న ఓ మూల ఇంత విలువైన చేప పెరగడం కన్నా కావలసిందేముంది? నా తగువు పెంపకంతో కాదు, మేతతో.

మొదట "అదే దాని సహజమైన తిండి" అన్న వాదన తీసుకుందాం. కోట్‌పల్లి ప్రాజెక్టులోనో ఊరి కుంటలోనో స్వేచ్ఛగా తిరిగే కొర్రమట్ట ఏం తింటుంది? పురుగులు, రొయ్యపిల్లలు, కప్పపిల్లలు, పది రకాల చిన్న చేపలు. ఏ పూట ఏది దొరికితే అది. ఒక పూట దొరకదు, ఆ పూట పస్తు. నాచు సందున కాపు వేసి, తప్పిపోయిన వేటలు పోగా దొరికిన దానితో బతుకుతుంది. ఎకరం నీటిలో అలాంటి పెద్ద చేపలు ఎన్నో ఉండవు, ఉండలేవు. ఇప్పుడు టార్పాలిన్ ట్యాంకు చూడండి. ఓ గది అంత జాగాలో వేలకొద్దీ పిల్లలు. పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్, అందులో చచ్చి మెత్తబడ్డ ఒకే రకం చేప, రోజుల తరబడి అదే. ఆ మేత చెరువులోంచి వచ్చిందన్న మాటే గాని, తినే తీరులో సహజం అన్నది ఏ మూలా లేదు.

ఒకే రకం పచ్చి చేప అదేపనిగా మేపితే ఏమవుతుందో లోకానికి తెలిసి తొంభై ఏళ్లు దాటింది. 1932లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చాస్టెక్ అనే ఆయన బొచ్చు తోలు కోసం నక్కలు పెంచేవాడు. వాటికి పచ్చి కార్పు చేప మేపాడు. నక్కలు తూలిపోయాయి, పక్షవాతం వచ్చినట్టు పడిపోయి చచ్చాయి. ఆ జబ్బుకు ఆయన పేరే మిగిలింది. కారణం తర్వాత తేలింది. చాలా రకాల చేపల పచ్చి మాంసంలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బీ1 విటమిన్‌ను విరగ్గొడుతుంది. కార్పు కుటుంబంలో ఇలాంటి చేపలు చాలా ఉన్నాయి, మన పరిగెలదీ ఆ కుటుంబమే. ఐసులో పెట్టినా, గడ్డకట్టించినా ఈ ఎంజైమ్ పోదు, ఉడికిస్తేనే పోతుంది. మనం పులుసు పెట్టుకుంటాం కాబట్టి మనకు బాధ లేదు. ట్యాంకులో కొర్రమట్టకు ఎవరు ఉడికించి పెడుతున్నారు? సముద్రంలోనూ సరస్సుల్లోనూ స్వేచ్ఛగా వేటాడే చేపలు సైతం దీనికి అతీతం కావు. ఉత్తర అమెరికా మహాసరస్సుల్లోకి బయటి నుంచి చేరిన ఏల్‌వైఫ్ అనే చేపే అక్కడి ట్రౌట్లకు, సాల్మన్లకు ముఖ్యమైన తిండి అయిపోయాక వాటి పిల్లలు గుడ్డులోంచి వచ్చిన కొద్దికాలానికే చనిపోవడం మొదలైంది. లోపించింది బీ1 విటమినే. అడవి తిండిలోని బలం వైవిధ్యంలో ఉంది. ఆ వైవిధ్యం పోయాక అది అడవి తిండి కాదు, లోపాల తిండి.

రెండోది రోగం. దీన్ని మనవాళ్లు మరిచిపోవడం నాకు ఆశ్చర్యం కన్నా బాధ ఎక్కువ కలిగిస్తుంది. 1988లో తూర్పు, ఈశాన్య రాష్ట్రాల మీదుగా దేశంలోకి పుండ్ల రోగం వచ్చింది. ఒంటిమీద ఎర్ర మచ్చలు, తర్వాత కండ కుళ్లి గుంటలు. అఫనోమైసిస్ అనే బూజు జాతి జీవి దానికి మూలం. కొన్నేళ్లలోనే అది రాష్ట్రాలు దాటుకుంటూ చెరువుల వెంట పాకింది, జనం చేపలు కొనడానికి జంకారు. ఆ రోగానికి ముందుగా, దారుణంగా గురయ్యే చేపల్లో మొదటి వరసలో ఉన్నది మన కొర్రమట్టే, పరిగెలు ఆ పక్కనే ఉంటాయి. నీటి వేడిమి తగ్గిన రోజుల్లో ఈ రోగం రెచ్చిపోతుంది. అనంతగిరి చుట్టుపక్కల మాఘమాసపు రాత్రులు ఎంత చల్లనివో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అలాంటి చోట, ఏ చెరువులో ఏముందో తెలియకుండా, ఇవాళ ఒక కుంట నుంచి రేపు ఒక వాగు నుంచి పట్టిన పచ్చి చేపను తెచ్చి ట్యాంకులో పోయడమంటే రోగాన్ని చేజేతులా తలుపు తీసి పిలవడమే. రోగం పట్టిన చేప నీరసించి ముందుగా వలకు చిక్కుతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఆ ట్యాంకు నీళ్లు చివరికి ఎక్కడికి వదులుతారు? పక్క కాలువలోకి. అనంతగిరి కొండలకు ఒక వైపు మూసీ పుడుతుంది, ఇంకో వైపు నీళ్లు కాగ్నాలో పడి తాండూరు పక్కగా పారి భీమలో కలుస్తాయి. ఇక్కడ వదిలింది ఇక్కడే ఆగదు.

పురుగుల సంగతీ అంతే. నత్తలో మొదలై, చిన్న చేపలో పెరిగి, దాన్ని తిన్న పెద్ద చేపలోకో కొంగలోకో చేరి జీవితచక్రం ముగించుకునే పరాన్నజీవులు మన కుంటల్లో ఎన్నో ఉన్నాయి. పచ్చి మేత వేసే రైతు ఆ చక్రాన్ని తన ట్యాంకులోకి ఎక్కిస్తున్నాడు. గుళిక తయారీలో పిండి గట్టి వేడికి ఉడుకుతుంది, పురుగులు, బూజు బీజాలు ఆ వేడికి బతకవు.

నీటి సంగతికి వస్తే, తినగా మిగిలిన చేపముక్క అడుక్కు దిగి కుళ్లుతుంది, అమ్మోనియా పెరుగుతుంది. రోహులాంటి చేప అయితే పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తుంది, రైతు పరుగెత్తుకొచ్చి నీళ్లు మారుస్తాడు. కొర్రమట్ట అలా హెచ్చరించదు. అది ఎలాగూ పైకొచ్చి గాలి పీల్చుకునే చేపే, కాబట్టి నీళ్లు ఎంత చెడ్డా బతికే ఉంటుంది. కానీ మొప్పలు పాడవుతాయి, మేత తగ్గుతుంది, ఎదుగుదల ఆగుతుంది. "ఎంత మేపినా పెరగట్లేదు" అనే రైతు ఇంకో బకెట్ పరిగెలు పోస్తాడు. నీటిమీద తేలే గుళికయితే ఎంత తిన్నదో, ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది, మిగిలితే జల్లెడతో తీసేయొచ్చు. తాండూరు బండ తీసిన పాత క్వారీ గుంతల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి కదా, అక్కడ పెంచుదామన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. నీళ్లు వచ్చే దారీ పోయే దారీ లేని లోతైన గుంతలో అడుగున కుళ్లింది అక్కడే ఉండిపోతుంది.

ఇక "ఖర్చు లేదు" అన్నమాట. కాగితం మీద లెక్క వేద్దాం. పచ్చి చేపలో ముప్పాతిక వంతుకు పైగా నీళ్లే. అందుకే కిలో కొర్రమట్ట పెరగాలంటే నాలుగైదు కిలోల చిన్న చేపలు కావాలి. మంచి గుళిక అయితే కిలోన్నర లోపే సరిపోతుంది. టన్ను కొర్రమట్ట తీయాలనుకున్న రైతు నాలుగైదు టన్నుల చెరువు చేపను పట్టించాలి, మోయించాలి, ఐసులో పెట్టాలి, ముక్కలు చేయించాలి. వల కూలి, పెట్రోలు, ఐసు ఖర్చు లెక్కలో రాసుకోరు కాబట్టి ఉచితం అనిపిస్తుంది. దీనికన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. చెరువు చేప ఏడాది పొడుగునా ఒకేలా దొరకదు. వానాకాలంలో బుట్టలకొద్దీ వస్తుంది, చలికాలం సగమవుతుంది, కుంటలు ఎండే ఏప్రిల్, మే నెలల్లో కొంతకాలం గుట్టలుగా పట్టి ఆ తర్వాత అసలే ఉండదు. మేత తప్పిన వారం కొర్రమట్ట ఏం చేస్తుంది? పక్కనున్న చిన్న కొర్రమట్టను తింటుంది. ఆకలి వల్లా, సైజుల తేడా వల్లా ఒకదాన్నొకటి తినడమే ఈ పెంపకంలో రైతును ముంచే అసలు కారణం. పదివేల పిల్లలు వేసి ఆఖరున రెండు మూడు వేలు తేలితే ఆ ఉచిత మేత ఎంత పడినట్టు?

"అయినా గుళికలు తినదు కదా" అంటారు. ఇది నమ్మడానికి కారణం ఉంది. చెరువులో తల్లి కాపలాలో ఎర్రగా గుంపుగట్టి తిరిగే పిల్లల్ని కుండతో తోడుకొచ్చి, లేదా పచ్చి చేపకు అలవాటుపడిన వేలెడంత పిల్లల్ని తెచ్చి, ఒక్కసారిగా గుళికలు చల్లితే నిజంగానే ముట్టవు. మాడ్చి మాడ్చి అలవాటు చేయబోతే చస్తాయి. తప్పు చేపది కాదు, వయసుది. గుడ్డు నుంచి వచ్చి కొద్దివారాలైన పిల్ల, మొదట నీటిలోని సూక్ష్మజీవులను, తర్వాత మెత్తని ముద్దను తింటున్న దశలోనే, కొన్ని రోజులకోసారి ముద్దలో గుళిక పొడి పాలు పెంచుకుంటూ పోతే పూర్తిగా పొడి మేతకు అలవాటుపడుతుంది. ఒకసారి పడితే జీవితాంతం తింటుంది. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ కొర్రమీనును కట్టడిలో గుడ్లు పెట్టించి పిల్లలు పెంచే పద్ధతి ఎప్పుడో చేసి చూపింది. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కార్యాలయం హైదరాబాద్‌లోనే, చేప ఆకారంలో కట్టిన భవనంలో ఉంది. వికారాబాద్ నుంచి రెండు గంటల ప్రయాణం. తెలుసుకోవాలనుకున్నవాడికి దూరమేం కాదు.

ఇది ప్రయోగశాల ముచ్చట అనేవాళ్ల కోసం కంబోడియా కథ చెబుతాను. అక్కడా మన కొర్రమట్టే, అదే జాతి. టోన్లే సాప్ సరస్సు నుంచి, మెకాంగ్ నది నుంచి పట్టిన చిన్న చేపలతోనే పెంచేవారు. ఎంతగా పట్టారంటే, పేదవాడి కూరలోకీ ఊరవేసిన చేపలోకీ పోవలసిన చిన్న చేప పంజరాల్లోని కొర్రమట్టల పాలవుతోందని, చివరికి 2000ల దశకం మధ్యలో ఆ దేశ ప్రభుత్వం కొర్రమట్ట పెంపకాన్నే నిషేధించింది. పక్కనే వియత్నాంలోని మెకాంగ్ డెల్టా రైతులు ఈలోగా గుళికల వైపు మళ్లారు. కాన్ తో విశ్వవిద్యాలయం వాళ్లు పిల్లల్ని పొడి మేతకు అలవాటు చేసే క్రమం తేల్చి రైతుల చేతిలో పెట్టారు. ఆ పద్ధతి కంబోడియాలోనూ నిలదొక్కుకున్నాక 2016లో నిషేధం ఎత్తేశారు. మనం ఇక్కడ కొర్రమట్టను రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నదీ అదే ఏడాది. వాళ్లు దెబ్బతిని, నేర్చుకుని, బయటపడిన తప్పును మనం సంప్రదాయం పేరుతో మొదలుపెడుతున్నాం.

ఒక ఎదురు ప్రశ్న మాత్రం న్యాయమైనది. గుళికలో ఉండేదీ చేపపొడే కదా, అది సముద్రంలో పట్టిన కవళ్ల నుంచి వచ్చిందే కదా, మరి తేడా ఏమిటి? ఉంది. కర్ణాటక తీరంలో మనుషులు తినగల చేప పొడి మిల్లులకు పోతున్న మాట నిజం, అదీ తప్పే. కానీ గుళికలో చేపపొడి ఒక భాగం మాత్రమే. సోయా చెక్క, కోళ్ల పరిశ్రమ ఉపఉత్పత్తుల పొడి, ఈగ లార్వాల పొడి వంటివి కలిపి ఆ భాగాన్ని తగ్గిస్తూ రావచ్చు, చాలాచోట్ల తగ్గిస్తున్నారు. బకెట్‌లోని పరిగెను ఏ పాళ్లలో తగ్గించగలం? ఇంకో సంగతి, కోళ్ల దుకాణం పేగుల్ని పచ్చిగా తెచ్చి చెరువులో పోయడం నేను చెబుతున్న మార్గం కాదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకంలో ఆ కంపు ఎలా ఉంటుందో రాష్ట్రమంతా చూసింది. ఆ చేపను నిర్మూలించమని 1997లోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది, 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్లీ చెప్పవలసి వచ్చింది.

రుచి గురించి ఎక్కువ మాట్లాడను. పెంచిన కొర్రమట్టకు వచ్చే బురద వాసన నీటిది, మేతది కాదు. అమ్మేముందు కొన్ని రోజులు మేత ఆపి శుభ్రమైన పారే నీటిలో ఉంచితే పోతుంది. కుళ్లిన పరిగెల నీళ్లలో పెరిగిన చేపకు ఏ పేరు పెట్టినా ఆ వాసన రాక మానదు.

నాచేత ఈ వ్యాసం రాయించింది మాత్రం ఇవేవీ కాదు. పరిగె.

మన చెరువుల్లో 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. బొచ్చె, రోహు, మ్రిగాల, బంగారుతీగ. ఎన్ని లక్షలు వదిలారో లెక్క ఉంటుంది, సంఘాలు ఎంత పట్టాయో లెక్క ఉంటుంది. వాటి మధ్యన ఎవరూ వదలకుండా, ఎవరూ మేపకుండా పుట్టి పెరిగే పరిగెలకు, జెల్లలకు, పరకలకు, బొమ్మిడాయిలకు లెక్క లేదు. అందుకే వాటిని ఎవరు ఎంత తోడుకుపోయినా అడిగేవారు లేరు. ఐదు కిలోల బొచ్చె ఒక్కటి లెక్కకు రాకుండా పోతే సంఘంలో పంచాయితీ అవుతుంది. దోమతెర గుడ్డతో కుట్టిన వలలో నాలుగు బుట్టల పరిగెలు పోతే ఎవరూ పలకరు.

కానీ వారం వారం సంతలో, మత్తడి పక్కన కుప్పలు పోసుకుని ఆడవాళ్లు అమ్మేది ఆ చేపనే. కూలి ముగించుకుని వచ్చే మనిషి కొనగలిగేది ఆ చేపనే. బొచ్చె ముక్క కొంటే ముల్లు తీసి పారేస్తాం. పరిగెను తలతో, ముల్లుతో, లోపలి కార్జంతో సహా తింటాం, ఎండబెట్టి వంకాయలో వేసుకుంటాం. సున్నం, ఇనుము, విటమిన్ ఏ ఆ పారేసే భాగాల్లోనే ఎక్కువ. ఈ చిన్న చేపల మీద బంగ్లాదేశ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, అక్కడి మోలా అనే వేలెడు చేపలో విటమిన్ ఏ ఎంత ఉందో చూపించి, తల్లుల, పిల్లల తిండిలోకి దాన్ని తిరిగి తెచ్చిన శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్‌కు 2021లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు. ఆ మోలా మన చెరువుల్లోనూ ఉండే చేపే. ప్రపంచం బహుమతి ఇచ్చి గౌరవించిన తిండిని మనం బకెట్లతో ట్యాంకులో పోస్తున్నాం. కిలో వందల రూపాయలకు పట్నం పోయే చేప కోసం, ఊరి పిల్లలు తినగల నాలుగైదు కిలోల చేప. ఈ లెక్కను సమర్థించే రైతు ఆ ఊరి అంగన్వాడీలో పిల్లల బరువు తూచే రోజున ఓసారి అక్కడ నిలబడాలని నా కోరిక.

పట్టే కాలం చూస్తే ఇంకా కడుపు మండుతుంది. తొలకరి వానలకు చెరువు నిండి మత్తడి దుంకగానే చిన్న చేపలు ఆ పారే నీటికి ఎదురెక్కుతాయి. గుడ్లు పెట్టడానికి పోతున్న చేపలవి, ఒక్కొక్క దాని కడుపులో వేలకొద్దీ గుడ్లు. మత్తడి కింద గుడ్డ పట్టుకుని నిలబడితే చాలు, ఏ శ్రమా లేకుండా బుట్టలు నిండుతాయి. మేత కోసం పట్టేవాళ్లకు అదే పండుగ కాలం. ఇంటి కూరకు పట్టుకునే వాళ్లు ఎప్పుడూ ఉన్నారు, వాళ్లతో చెరువుకు ముప్పు రాలేదు. రోజూ యాభై కిలోలు కావలసిన ట్యాంకు వచ్చినప్పుడే ముప్పు వచ్చింది. కప్పల సంగతీ ఇంతే. కప్ప కాళ్ల ఎగుమతి కోసం దేశమంతా కప్పల్ని ఊడ్చేస్తే పొలాల్లో పురుగు పెరుగుతోందని మొరపెట్టుకోగా 1987లో కేంద్రం ఆ ఎగుమతి ఆపింది. విదేశీ హోటళ్ల కోసం వద్దన్న పని మన ట్యాంకుల కోసం ఎలా సబబవుతుంది?

చేయవలసింది కష్టమైన పనేం కాదు. గంగపుత్రుల, ముదిరాజుల సహకార సంఘాలు తమ చెరువుల్లో మేత కోసం చిన్న చేప పట్టడానికి వీల్లేదని, మత్తడి దుంకే వారాల్లో గుడ్డ వలలు కట్టడానికి వీల్లేదని తీర్మానం చేసుకోవచ్చు. ఆ నీటి మీద హక్కు వాళ్లదే, పోతున్న చేపా వాళ్లదే. కొర్రమీను యూనిట్‌కు సబ్సిడీ ఇచ్చే మత్స్యశాఖ, పొడి మేతకు అలవాటైన పిల్లనే కొనాలన్న షరతు పెట్టాలి, అలాంటి పిల్లను తయారుచేసే నర్సరీ జిల్లాలోనే ఒకటైనా ఉండేట్టు చూడాలి. ఇప్పటికే పచ్చి చేపకు అలవాటుపడ్డ పెద్ద చేపలున్న రైతు ఉన్నపళంగా మేత మార్చలేడని నాకు తెలుసు. ఆ పంట పూర్తయ్యే దాకా మేపే చిన్న చేపనైనా ఉడికించి, ఎంత తింటే అంతే వేసి ముగించుకోవాలి, తర్వాతి పంటకు ఆ మేత ముట్టకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పిల్ల కొనడానికి పోయినప్పుడు డబ్బు చేతిలోంచి తీయకముందే అమ్మేవాణ్ని ఒక్కటి అడగండి. మీ ముందు తొట్టిలో గుప్పెడు గుళికలు వేయమనండి. పిల్లలు పైకి ఎగబడి తింటే, అన్నీ ఒక్క సైజులో ఉంటే కొనండి. "ఇప్పుడు కడుపు నిండి ఉన్నాయి, ఇంటికి పోయాక తింటాయి" అంటే ఆ పూటకు ఉత్త చేతులతో తిరిగి రండి.